మా మామగారు మాట మార్చలేదు

మా మామగారు పోయారు. పోయిన నెలలో, ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, ఫిల్మ్ నగర్‌లో మా ఇంటి వసారాలో మంచం మీదే ప్రాణం పోయింది. మీలో చాలామందికి ఆయన తెలిసే ఉంటారు. పేరు తెలియకపోయినా మొహం చూసే ఉంటారు. కొత్త సినిమా మొదలైందని పేపర్లో వేసే ఫోటోల్లో, హీరోగారి భుజానికీ నిర్మాతగారి బొజ్జకీ మధ్య, చేతిలో హారతి పళ్ళెంతో సగం మొహమే కనిపించే పంతులుగారు ఒకరుంటారు చూడండి, ఆయనే.

ఇది ఏడుస్తూ రాస్తున్నది కాదు. ఏడుపు వచ్చినప్పుడు ఏడుస్తూనే ఉన్నాను, దాని వేళలు దానికున్నాయి. ఇది మాత్రం కోపంతో రాస్తున్నాను. ఎందుకంటే కర్మలన్నీ అయ్యాక మా కాలనీ హాల్లో సంతాపసభ పెట్టారు. గుడి కమిటీ అధ్యక్షులవారు మైకు పుచ్చుకుని, "పంతులుగారు పుణ్యాత్ములు. మధ్యలో ఏదో ఆ కోతుల సిద్ధాంతం ఒకటి తలకెక్కించుకున్నారు గానీ, చివరి రోజు పొద్దున్న నా ఎదుటే దాన్ని వదిలేశారు. నిర్మలమైన మనసుతో వెళ్ళిపోయారు" అన్నారు. హాలంతా తలలూపింది.

నేను లేచి నిలబడి, "అది నిజం కాదండీ" అన్నాను. అధ్యక్షులవారు నావైపు జాలిగా చూసి, "కోడలుగారు దుఃఖంలో ఉన్నారు పాపం. ఎవరైనా కాసిని మంచినీళ్ళివ్వండి" అన్నారు. ఇచ్చారు. నేను తాగేలోగా మైకు ఇంకొకరి చేతికి వెళ్ళిపోయింది. నీళ్ళతో నా నోరు మూయించారు గానీ చేతికి అడ్డం ఎవరూ లేరు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను, నమ్మేవాళ్ళు నమ్మండి.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, అమీర్‌పేట వైపు ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మావారు డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు. మామగారిది తెనాలి పక్కన పల్లె. మద్రాసులో స్టూడియోల వెంట తిరిగి పూజలు చేయించేవారు. సినిమా అక్కణ్ణుంచి మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వచ్చేసినప్పుడు కెమెరాలతోపాటు, మేకప్ పెట్టెలతోపాటు ఆయనా వచ్చేశారు. సినిమా మొదలైతే కొబ్బరికాయ, షూటింగ్ పూర్తయితే గుమ్మడికాయ. రెండూ ఆయన చేతి మీదుగానే పగిలేవి. మిగతా వేళల్లో ఫిల్మ్ నగర్ గుళ్ళో అర్చన, శనివారం సాయంత్రాలు అక్కడే ప్రవచనం.

కాపురానికి పంపేటప్పుడు మా అమ్మ నన్ను పక్కకు పిలిచి, "పూజారిగారిల్లు. నీ కప్పల సంగతీ, కోతుల సంగతీ అక్కడ ఎత్తకు" అని మరీ మరీ చెప్పింది. నేనూ జాగ్రత్తగానే ఉన్నాను. కానీ పాఠాలు చెప్పేదాన్ని, బొమ్మలు వేసుకోకుండా ఎలా కుదురుతుంది? ఒకరోజు భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరచుకుని మనిషి వెన్నెముక గీస్తుంటే, పూజ ముగించుకుని వచ్చిన మామగారు వెనక నిలబడ్డారు.

"ఏంటమ్మాయ్ అది?"

"వెన్నెముకండీ మామయ్యగారూ. రేపు క్లాసుకి."

"ఆ చివర ముక్కేంటి, కొక్కెంలా ఉంది?"

అబద్ధం చెప్పడానికి టైము లేకపోయింది. "తోక ఎముకండీ. మన పూర్వీకులకి ఎప్పుడో తోక ఉండేది. అది పోయి ఇది మిగిలింది."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మా అత్తయ్య చెవి ఇటు వేశారని అర్థమైంది. మామగారు చెయ్యి వెనక్కి పెట్టి నడుం కింద తడుముకున్నారు. "ఇక్కడా?" అన్నారు. "ఇంకాస్త కిందండీ" అన్నాను, తలెత్తకుండానే. తడిమి, దొరకబుచ్చుకుని, "అయితే ఇన్నాళ్ళూ దీని మీద కూర్చునే జపం చేశానన్నమాట" అన్నారు. అని నవ్వారు. అలా ఇలా కాదు, కుర్చీ పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ నవ్వుతో మా అమ్మ జాగ్రత్తలన్నీ కొట్టుకుపోయాయి.

అప్పట్నుంచీ సాయంత్రం గుడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, "ఇవాళ ఏం చెప్పావమ్మాయ్ పిల్లలకి?" అని అడగడం అలవాటైపోయింది. గుర్రం కాలివేళ్ళు పోయి గిట్ట మిగిలిన వైనం, నీళ్ళలో ఉండే తిమింగలం ఒంట్లో పనికిరాని తుంటి ఎముకలు దాగి ఉండటం, ఇవన్నీ కథల్లా వినేవారు. అర్థం కాకపోతే అర్థం కాలేదనేవారు. మళ్ళీ చెప్పించుకునేవారు.

ఆయన్ని సంతోషపెడదామని ఒకసారి నేను, "మన దశావతారాల్లో కూడా ముందు చేప, తర్వాత తాబేలు, తర్వాత వరాహం, ఇదే వరస కదండీ" అన్నాను. మొహం ముడుచుకున్నారు. "వద్దమ్మాయ్. ఆ కథ చెప్పినవాళ్ళు దేవుడి దయ గురించి చెప్పారు, ఎముకల గురించి కాదు. ఎవరో ఎండలో తవ్వి, కష్టపడి కనిపెట్టినదాన్ని తీసుకొచ్చి 'ఇది మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉంది' అనడం నాకు సిగ్గుగా ఉంటుంది. మనకి తెలియంది తెలియదని ఒప్పుకుంటే మన దేవుడికేం తక్కువవదు" అన్నారు. ఆ తర్వాత ఎంతమంది ఆయన నోట ఆ దశావతారాల మాట పలికించాలని చూశారో! ఒక్కరికీ చిక్కలేదు.

ఇక అన్నం సంగతి చెప్పాలి. మా మామగారు అన్నంతో మాట్లాడేవారు. కంచం చుట్టూ నీళ్ళు తిప్పే పరిషేచన అయ్యాక మొదటి ముద్ద చేతిలోకి తీసుకుని, దాన్ని చూసి, "రా నాయనా. రేపీపాటికి నువ్వే మంత్రం చదువుదువుగాని" అని నోట్లో పెట్టుకునేవారు. మా అత్తయ్య, "ముద్దతో ముచ్చట్లాడతారు, నాతో మాత్రం ఉప్పు తక్కువైతేనే మాట్లాడతారు" అని సణుగుతూ చారు పోసేవారు. నేను నవ్వితే ఆయన విప్పి చెప్పారు. పొలంలో మట్టి వడ్లయింది, వడ్లు బియ్యమయ్యాయి, ఈ మెతుకు ఇవాళ తన ఒంట్లో నెత్తురవుతుంది, రేపు అదే నాలుక కదిలించి దేవుణ్ణి పిలుస్తుంది. మట్టి మొద్దుదైతే ఇదంతా ఎలా చేస్తుందని ఆయన ప్రశ్న. ఆత్మ ఎక్కణ్ణుంచో వచ్చి మట్టిలో దూరలేదనీ, మట్టిలో ఉన్నదే మెల్లగా కళ్ళు తెరిచిందనీ ఆయన నమ్మకం.

నేను అన్నిటికీ తలూపే కోడల్ని కాను. "మామయ్యగారూ, ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోను. పరిణామానికి మెట్లు లేవు. పురుగు కింద, మనిషి పైన అని ఎక్కడా లేదు. బొద్దింక మనకంటే ముందు నుంచీ ఉంది, మన తర్వాత కూడా ఉండొచ్చు. ఎక్కడికో చేరాలని ఎవరూ బయల్దేరలేదు" అన్నాను. ఆ పూట ఆయన మజ్జిగ తాగి లేచి వెళ్ళిపోయారు. నాకు కొంచెం భయం కూడా వేసింది. మర్నాడు నేను కాలేజీకి బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి, "నువ్వన్నది ఆలోచించానమ్మాయ్. బొద్దింక కన్నా నేను పైమెట్టు మీద ఉన్నాననుకోవడం నా పొగరు. అది మానేస్తాను. కానీ మట్టి ఎటు పోవాలో తెలియకుండా బయల్దేరి ఇంతదూరం వచ్చి, నీ చేత ఈ మాట అనిపించిందంటే, నాకు ఇంకా ఎక్కువ దణ్ణం పెట్టాలనిపిస్తోంది" అన్నారు.

"దణ్ణం సంగతి నా సిలబస్‌లో లేదండీ" అన్నాను.

"అందుకే అది నాకు వదిలేశారు. బస్సు పోతుంది, వెళ్ళు" అన్నారు.

నేను ఇప్పటికీ ఆయనతో పూర్తిగా ఏకీభవించను. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఏకీభవించకపోయినా నా కంచంలో నెయ్యి తగ్గలేదు.

ఇప్పుడు ఆ శనివారం దగ్గరికి వస్తాను. అసలు గొడవంతా అక్కడే మొదలైంది. హారతి అయిపోయి ప్రవచనానికి అందరూ కూర్చున్నారు. బోరబండ నుంచి గుడికి పూలు తెచ్చే ఆమె బుట్ట పక్కన పెట్టుకుని లేచి అడిగింది: "పంతులుగారూ, మా పోరని పుస్తకంల మనిషి కోతి లెక్క ఉండేటోడని రాసిండ్రు. పరీక్షల గట్లనే రాయమనాల్నా, వద్దా? పాపం తాకుతదా?"

"రాయమనమ్మా. మంచి మార్కులొచ్చేలా రాయమను" అన్నారు మామగారు. "ఆ పుస్తకం రాసినవాళ్ళు దేవుడి మీద పోట్లాటకి రాయలేదు. ఎముకలు తవ్వి చూశారు, చూసింది చెప్పారు. చూసింది చెబితే పాపం ఎందుకు తాకుతుంది?"

వెనక నుంచి ఒక పాతకాలపు నటుడు గొంతు సవరించుకుని, "మరి ఆత్మ మాటేమిటండీ? కోతి మనిషయ్యాక ఏ రోజున పెట్టాడు దేవుడు దానికి ఆత్మని?" అన్నాడు.

మామగారు నవ్వి, "మీరంతా సినిమావాళ్ళు, మీ భాషలోనే చెబుతాను" అన్నారు. "ముహూర్తం రోజు ఏమవుతుంది? సెట్టు వేసి ఉంటుంది, లైట్లు పెట్టి ఉంటాయి. అన్నీ సిద్ధమయ్యాక ముఖ్య అతిథి వస్తారు. దేవుడి పటాల మీద మొదటి షాట్‌కి క్లాప్ కొడతారు, ఫోటో దిగుతారు, కారెక్కి వెళ్ళిపోతారు. సినిమా తీసేది ఆయనా? మనం ఆత్మని అలాంటి ముఖ్య అతిథిని చేసేశాం. మట్టి అంతా సిద్ధమయ్యాక, కోతి నిటారుగా నిలబడ్డాక, పైనుంచి దిగి క్లాప్ కొట్టిందంటున్నాం. నేను ఒప్పుకోను. దేవుడు మొదటి రోజు నుంచీ సెట్లోనే ఉన్నాడు. మట్టి మోసేవాళ్ళలో ఉన్నాడు, లైటు పట్టుకునేవాళ్ళలో ఉన్నాడు. కోతి దగ్గరా ఉన్నాడు, దానికి ముందు చేప దగ్గరా, చేపకి ముందు బురదలోనూ ఉన్నాడు. బురదని చీదరించుకుంటే ఆయన్ని చీదరించుకున్నట్టే."

జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక్కరు నవ్వలేదు. అధ్యక్షులవారు. ఆయన పెద్ద నిర్మాత. జూబిలీహిల్స్‌లో ఏ సినిమాకి కొబ్బరికాయ కొట్టినా క్లాప్ ఆయనదే. వాళ్ళింట్లో ముందు గదినిండా క్లాప్ బోర్డు పట్టుకుని దిగిన ఫోటోలే. మామగారు ఆత్మ గురించి చెబితే ఆయన తన గురించి చెప్పారనుకున్నారు! వేదాంతానికి ఇలాంటి అపార్థం మా కాలనీలో తప్ప ఇంకెక్కడ వస్తుంది? పోనీ, నొచ్చుకున్నాను అని చెబితే మామగారు చేతులు పట్టుకుని క్షమించమనేవారు. కానీ "నన్నన్నావు" అనడానికి ఆయనకి మొహం చెల్లలేదు. అందుకని కోతిని ముందుకు తోశారు.

మర్నాడు కమిటీ గదికి పిలిపించారు. మావారు కూడా వెళ్ళారు కాబట్టి ఆ మాటలు మాటకి మాట మా ఇంటికొచ్చాయి.

"పంతులుగారూ, మన తాతముత్తాతల్ని కోతులన్నారని భక్తులు బాధపడుతున్నారండీ."

"ఎవరండీ బాధపడింది? అడిగిన పూలమ్మాయే బాధపడలేదే. ఇవాళ స్వామికి ఓ మూర ఎక్కువే ఇచ్చింది."

"అవన్నీ ఎందుకండీ. వచ్చే శనివారం మైకులో ఒక్క మాట అనేయండి. నోరు జారింది, అంతే. మళ్ళీ ఎవరూ ఆ సంగతి ఎత్తరు."

"నోరు జారలేదండీ. తెలిసే అన్నాను."

"మరి గుడి సంగతి ఆలోచించుకోండి."

"గుడి మీరు కట్టించింది. మీరే ఆలోచించండి. మాట మాత్రం నాది" అని మామగారు తాళంచెవులు బల్ల మీద పెట్టి వచ్చేశారు.

ఇంట్లో మా అత్తయ్య గోల పెట్టారు. ఆవిడ భయం ఆవిడది. ఎన్నో ఏళ్ళు ఆ గుడి ప్రసాదాలకి పులిహోర కలిపిన చెయ్యి ఆవిడది. "ఒక్క మాట అనేస్తే ఏం పోతుందండీ? మీ మనసులో ఏముందో ఆ దేవుడికి తెలియదా?" అన్నారు. "తెలుసు గనకే అనలేకపోతున్నాను" అన్నారు మామగారు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆయన కండువా కుర్చీ మీద వేసి నావైపు తిరిగి, "ఇక సాయంత్రాలు తీరికేనమ్మాయ్. ఆ తిమింగలం సంగతి మళ్ళీ మొదట్నుంచి చెప్పు" అన్నారు. చెప్పాను. తుంటి ఎముకల దగ్గరికి రాగానే, ఎప్పటిలాగే, రెండోసారి చెప్పించుకున్నారు.

గుడి పోతే పోయింది, పూజలైనా ఉంటాయనుకున్నాం. సెంటిమెంట్ అనే ముక్కకి మా వీధుల్లో ఉన్న అర్థం ఏ నిఘంటువులోనూ దొరకదు. ఈ గొడవకి ముందు ఆయన కొబ్బరికాయ కొట్టిన ఒక పెద్ద సినిమా సరిగ్గా అప్పుడే విడుదలై, రెండో వారానికి డబ్బాలు వెనక్కి వచ్చేశాయి. దానికి తల లేదు, తోక లేదు. చూసినవాళ్ళంతా అదే అన్నారు. అయినా తప్పు కథది కాదట, "ఆ పంతులు నాస్తికుడటండీ, అందుకే పడుకుంది" అట. నా ఎదుటే అన్నారు ఈ మాట. తెల్లవారక ముందే చన్నీళ్ళు పోసుకుని సంధ్య వార్చే మనిషి మా ఫిల్మ్ నగర్‌లో నాస్తికుడైపోయాడు. వాళ్ళకి తోడు నిజం నాస్తికులు కూడా ఒకరోజు శాలువా పట్టుకుని వచ్చారు, గుడిని ధిక్కరించినందుకు సన్మానం చేస్తామని. మామగారు వాళ్ళకి కాఫీ ఇప్పించి, "దేవుడు లేడని నేననలేదు బాబూ. ఎక్కడ లేడో చూపించమన్నాను, అంతే" అని శాలువా మడతపెట్టి వాళ్ళకే ఇచ్చేశారు. అటువాళ్ళకీ పనికిరాలేదు, ఇటువాళ్ళకీ పనికిరాలేదు. ఆయనకి దానివల్ల నిద్రేమీ చెడలేదు. చెడింది నాకు.

అలా చాలా నెలలు గడిచాక ఒక ఉదయం షేక్‌పేట నుంచి ఒకతను వచ్చాడు. ఒక చిన్న సినిమాకి ప్రొడక్షన్ మేనేజరు.

"పంతులూ, రేపు పొద్దుగాల మా సినిమాకి కొబ్బరికాయ గొట్టాలె. జర రా."

"నాయనా, నేను కొడితే ఆడదంటున్నారు. తెలిసే వచ్చావా?"

"ఏంది ఆడేది? మా తాన హీరో లేడు, ఏం లేడు. గా ఫికర్ మాకు లేదు. నువ్వు గుడిల చెప్పినవంట గదా, లైటు పట్టుకున్నోళ్ళల్ల దేవుడున్నడని. మా తమ్ముడు లైట్‌మన్. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి ఏడ్చిండు. గందుకే వచ్చిన."

మర్నాడు పొద్దున్నే మామగారు వెళ్ళారు. కృష్ణానగర్‌లో ఒక కిరాయి గది ముందు ముహూర్తం. ముఖ్య అతిథి లేరు, పిలిస్తే ఎవరూ రాలేదట. క్లాప్ ఎవరు కొట్టాలని వాళ్ళు తటపటాయిస్తుంటే మామగారు ఆ లైట్‌మన్‌ని పిలిచి బోర్డు అతని చేతికిచ్చారు. ఆ అబ్బాయి మొదటిసారి కొట్టిన క్లాప్ సరిగా పడలేదనీ, మళ్ళీ కొట్టాడనీ ఇంటికొచ్చి చెప్పి సంబరపడ్డారు.

ఆ సినిమా వంద రోజులాడింది.

చూడండి మరి మా వీధుల వేగం! వంద రోజుల పోస్టరు పడ్డ వారంలోనే మా గేటు ముందు కార్లు ఆగడం మొదలైంది. అధ్యక్షులవారు స్వయంగా పళ్ళబుట్టతో వచ్చారు. కొత్త సినిమా మొదలుపెడుతున్నారట, మామగారి చేతి మీదుగానే జరగాలట.

"కొబ్బరికాయ ఒకే కొట్టులో కొన్నదండీ. ఆ ఆడని సినిమాకీ, ఈ ఆడిన సినిమాకీ" అన్నారు మామగారు.

"మీరు భలేవారండీ. ఏదో సెంటిమెంటు. గుడికి కూడా రండి, మీరు లేక శనివారాలు బోసిపోయాయి."

"వస్తాను. కానీ ఆ రోజు మాట మధ్యలో ఆగింది కదా, అక్కణ్ణుంచే మొదలుపెడతాను. ఇష్టమైతేనే."

అధ్యక్షులవారు పళ్ళబుట్ట వంక చూశారు, పక్కనే నిలబడ్డ నా వంక చూశారు. "కానివ్వండి" అన్నారు. కోతి పాపం అంతలోనే పరిహారమైపోయింది!

ఆ శనివారం గుళ్ళో చోటు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు. వాళ్ళలో సగం మంది ఆయన చెయ్యి తగిలితే కలిసొస్తుందని వచ్చినవాళ్ళే, ఆ సంగతి నాకు తెలుసు. మామగారు పీట మీద కూర్చుని, మైకు సరిచేసుకుని, "పోయినసారి కోతి దగ్గర ఆగాం" అన్నారు. గుడంతా ఘొల్లుమంది. నేను ఆడవాళ్ళ వైపు చివరన నిలబడి ఉన్నాను. నా పుట్టింటివాళ్ళలోగానీ, నాకు చదువు చెప్పినవాళ్ళలోగానీ ఎవర్ని చూసీ అంత గర్వపడలేదు. ఇది ఆయన బతికుండగా ఆయనతో చెప్పాను. "పొగడ్త బావుంది, కాఫీ పెట్టు" అన్నారు.

ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆ గుళ్ళో అదే మాట చెప్పారు, రకరకాలుగా చెప్పారు. ఎవరూ ఆపలేదు. విన్నారని కాదు, అలవాటైపోయింది. మా కాలనీ నిండా మేడలు లేచాయి, మేడల మీద డిష్ యాంటెన్నాలు లేచాయి, ముహూర్తాలకి టీవీ వాళ్ళు రావడం మొదలైంది. ఈ మధ్య ఆయన గుండె బలహీనపడింది. చివరి వారాల్లో లోపల ఉక్కగా ఉందంటే మంచం వసారాలో వేశాం.

చివరి రోజు పొద్దున్నే అధ్యక్షులవారు వచ్చారు. ఆయనా ఇప్పుడు పెద్దవారైపోయారు, చేతికర్ర లేనిదే నడవలేరు. మంచం పక్కన కుర్చీ వేశాను. నేను అక్కడే ఉన్నాను, నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని. ప్రతి మాటా విన్నాను. ఆయన వంగి, మామగారి చెయ్యి పట్టుకుని, "పంతులుగారూ, వెళ్ళేముందు ఆ మాట ఒక్కటి వదిలేయండి. మట్టి మట్టే, ఆత్మ ఆత్మే. ఒప్పుకోండి. మీకు మంచి గతులు కలగాలనే అడుగుతున్నాను" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. అవి నిజం నీళ్ళే, కాదనను. స్నేహితుడు నరకానికి పోతాడేమోనని ఆ మనిషి మనస్ఫూర్తిగా భయపడ్డాడు.

మామగారు జవాబు చెప్పలేదు. డాక్టరుగారు రాసిన బిళ్ళ అంతకుముందే వేశాను, దాంతో కళ్ళు మూతలు పడుతున్నాయి. తల దిండు మీద ఒక పక్కకి వాలింది. అధ్యక్షులవారు దాన్నే తల ఊపడం అనుకున్నారు. "చాలు, చాలు" అని చెయ్యి కళ్ళకద్దుకుని, కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయారు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ సామెత చెప్పినవాళ్ళు మందు మగతని లెక్కలోకి తీసుకోలేదు. సంతాపసభలో చెప్పిన సాక్ష్యం మొత్తం ఇదే. వాలిన తల ఒకటి.

దాని తర్వాత జరిగింది ఆయన చూడలేదు. నేను చూశాను.

ఆ వారమంతా మా పక్క ప్లాటులో ఇల్లు కట్టడానికి పెద్ద బండని కొట్టిస్తున్నారు. పొద్దున్నుంచీ సమ్మెటల మోత, ఆగకుండా దుమ్ము. అత్తయ్య తన పాత చీరలు రెండు వసారాకి అడ్డంగా కట్టారు. అధ్యక్షులవారికి కుర్చీ వేయడానికి నేను ఒక చీర పక్కకి లాగి, మళ్ళీ కట్టడం మరిచిపోయాను. ఆయన్ని కారు దాకా సాగనంపి వచ్చి చూసేసరికి మామగారి ఒంటి మీద తెల్లగా రాతి పొడి. కనుబొమల మీద, భుజాల మీద, గుండెల మీది జంధ్యం మీద. నాకు ప్రాణం ఉసూరుమంది. గబగబా లోపలికెళ్ళి తువ్వాలు తడిపి తెచ్చి, ముందు భుజం తుడవబోయాను.

ఆయన కళ్ళు తెరిచారు. మగత లేదు, శుభ్రంగా ఉన్నాయి ఆ కళ్ళు. నా మణికట్టు పట్టుకున్నారు.

"దుమ్మండీ మామయ్యగారూ" అన్నాను.

భుజం వంక ఒకసారి చూసుకున్నారు. పక్క ప్లాటులో సమ్మెట దెబ్బ పడింది, ఇంకాస్త పొడి గాల్లో తేలుతూ వచ్చి ఆయన మీద వాలింది. ఆయన మొహంలో నవ్వు కనిపించింది.

"తుడవకమ్మాయ్. చుట్టాలొచ్చారు. కాసేపు కూర్చోనీ" అన్నారు.

నాతో అన్న ఆఖరి మాట అదే. మధ్యాహ్నానికి పోయారు. మగవాళ్ళు వచ్చి స్నానం చేయించేదాకా ఆ పొడి ఆయన కనుబొమల మీద, భుజాల మీద అలాగే ఉంది. అత్తయ్య వచ్చి చూసి, చీర కొంగు చేతిలోకి తీసుకుని, ఎందుకో మళ్ళీ వదిలేశారు. తడి తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని నేను పక్కనే కూర్చున్నాను.